రోడ్డు ఆగిపోయిన చోట తెల్ల దారి: క్యూబెక్ దిగువ ఉత్తర తీరంలో స్నోమొబైల్ యాత్ర ఎలా చేయాలి

కెనడా పటంలో సెయింట్ లారెన్స్ నది ఉత్తరపు ఒడ్డు పట్టుకుని తూర్పుకి వేలు జరుపుతూ పోతే, 138 నంబరు రహదారి కెగాస్కా అనే చిన్న ఊళ్లో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఓల్డ్ ఫోర్ట్ దాకా సుమారు 400 కిలోమీటర్లు, ఒకటి రెండు చిన్న ముక్కలు తప్ప, రోడ్డు లేదు. ఊళ్లు మాత్రం ఉన్నాయి. సముద్రం కరిగి ఉన్నప్పుడు ఓడ, ఏడాది పొడవునా చిన్న విమానం, నడి చలికాలంలో స్నోమొబైల్, ఇవే వాళ్ల రాకపోకలు. ఆ స్నోమొబైల్ దారిని ఫ్రెంచ్‌లో రూట్ బ్లాంష్ అంటారు. తెల్ల దారి అని.

నేను మాంట్రియల్‌లో ఉంటాను, ఈ దారిలో మూడు చలికాలాలు తిరిగాను. మనవాళ్లు చాలామంది ఇండియా నుంచి వచ్చినప్పుడో, ఇక్కడే ఉద్యోగాలు చేసుకుంటూనో ఒక గంట స్నోమొబైల్ సవారీ చేసి, ఇంకా పెద్ద యాత్ర చేయాలని ఉందని అడుగుతుంటారు. వాళ్ల కోసం ఇదంతా వివరంగా రాస్తున్నాను. మన భాషలో అన్నిటికీ మంచు అనే అంటాం కాబట్టి ఒక చిన్న ఏర్పాటు: కింద మంచు అన్న చోట పైనుంచి పడేది, ఐస్ అన్న చోట నీళ్లు గడ్డకట్టినది.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది, ఇది అక్కడివాళ్లకి ఊరి రోడ్డు. పెళ్లికి, హాకీ మ్యాచ్‌కి, పక్క ఊళ్లో అమ్మమ్మని చూడ్డానికి ఈ దారినే పోతారు. వాళ్లు ఎలా తిరుగుతారో అలా తిరగడం నేర్చుకుంటే మిగతా జాగ్రత్తలు చాలావరకు అందులోనే వచ్చేస్తాయి. అడిగి బయల్దేరతారు, గాలి లేస్తే ఆగిపోతారు, అనుమానం వస్తే వెనక్కి తిరుగుతారు. మనం అక్కడికి వెళ్లి పాడుచేసేది ఈ మూడింటినే, ఎందుకంటే మన చేతిలో తిరుగు టికెట్ ఉంటుంది.

మొదట కాలం, రోజుల లెక్క

ఫిబ్రవరి మొదలు నుంచి మార్చి మధ్య దాకా పెట్టుకోండి. జనవరిలో చాలా చోట్ల సముద్రపు పాయలు ఇంకా సరిగా గడ్డకట్టవు, దారిని ముక్కలు ముక్కలుగా తెరుస్తారు. మార్చి చివరికొస్తే మధ్యాహ్నం ఎండకి పైమంచు గుజ్జవుతుంది. ఈ మధ్య చలికాలాలు వెచ్చబడి దారి తెరిచి ఉండే రోజులు తగ్గుతున్నాయి, కొన్ని ముక్కలు అసలు తెరుచుకోని ఏళ్లు కూడా ఉన్నాయి. ఏ ముక్క తెరిచి ఉందో క్యూబెక్ రవాణా శాఖ 511 సమాచార సేవలో పెడుతుంది. అది పొద్దున్నే చూసుకోవాలి, ఆ తర్వాత ఊళ్లో మనిషిని కూడా అడగాలి. రెండూ కలిస్తేనే బయల్దేరాలి.

అయిదారు రోజుల సవారీకి పది రోజులు కేటాయించండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. మొదటిసారి తెత్-అ-లా-బలేన్ అనే ఊళ్లో గాలికి రెండు రోజులు కూర్చుండిపోయాం. మేం బస చేసిన ఇంటావిడ పొద్దున్నే లేచి, వంటింటి కిటికీ అద్దం మీద పేరుకున్న మంచుపొరని గోటితో గీకి, ఎదురుగా ఉన్న దీవి కనిపిస్తోందో లేదో చూసేది. కనిపించకపోతే కాఫీ పెట్టి మా ముందు ఉంచి, ఏమీ అనకుండా కుర్చీ లాక్కుని కూర్చునేది. మూడో రోజు దీవి మీద చెట్లు విడివిడిగా కనిపించాయి, అప్పుడు మాత్రం "తొందరగా తినండి" అంది. వాతావరణ సూచన చూపించే ఫోన్ నా జేబులో ఉన్నా, ఆ కిటికీ చెప్పిందే నిజమైంది. కాబట్టి విమానం టికెట్ మార్చుకునే వీలున్నదే కొనండి, ఆఫీసులో సెలవు రెండు రోజులు ఎక్కువే అడగండి. ఎల్లుండికల్లా చేరాలన్న టెన్షన్‌తో గాలిలో బయల్దేరకూడదు.

వెలుతురు ఫిబ్రవరి ఇరవై ప్రాంతంలో పదిన్నర గంటల దాకా ఉంటుంది, అయినా మధ్యాహ్నం మూడింటికల్లా తర్వాతి ఊరు చేరేలా లెక్క వేసుకోండి. గడియారం విషయం కూడా చెప్పాలి. క్యూబెక్‌లోనే అయినా ఈ తీరం ఏడాదంతా అట్లాంటిక్ సమయం పాటిస్తుంది, చలికాలంలో మాంట్రియల్ కన్నా గంట ముందు. ఈ తీరం చివరన ఉన్న బ్లాంక్-సాబ్లోన్ దాటి పక్క రాష్ట్రమైన లాబ్రడార్ సరిహద్దులో అడుగుపెడితే ఇంకో అరగంట ముందుకి జరుగుతుంది, అక్కడ న్యూఫౌండ్‌లాండ్ సమయం. మన భారత సమయంలో ఉన్నట్టే అరగంట లెక్క! పడవ వేళలు, విమానం వేళలు రాసుకునేటప్పుడు ఏ ఊరి సమయమో పక్కన రాసుకోండి.

కాగితాలు

ఇక్కడ ఎక్కువ చెప్పేదేమీ లేదు. క్యూబెక్‌లో స్నోమొబైల్ నడపడానికి కనీసం 16 ఏళ్లు ఉండాలి, డ్రైవింగ్ లైసెన్స్ ఉండాలి, బండికి కనీసం 10 లక్షల డాలర్ల బాధ్యత బీమా ఉండాలి. బాటల మీద వేగ పరిమితి గంటకి 70 కిలోమీటర్లు. తాగి నడిపితే కారు నడిపినట్టే లెక్క, క్రిమినల్ కేసే. అద్దెకిచ్చేవాళ్లు వయసు విషయంలో చట్టం కన్నా కఠినంగా ఉండొచ్చు, ముందే అడగండి. ఇండియా నుంచి టూరిస్టుగా వచ్చేవాళ్లు ప్రయాణ బీమాలో స్నోమొబైల్‌ని మినహాయించారేమో తప్పకుండా చదవండి, చాలా పాలసీలు దాన్ని సాహస క్రీడల కింద వదిలేస్తాయి. ఇక్కడి నుంచి రోగిని విమానంలో తరలించాల్సి వస్తే ఆ బిల్లు మామూలు కుటుంబం మోసే బరువు కాదు.

ముందు చేయి తిరగాలి

తీరానికి వెళ్లకముందే లోపలి ప్రాంతంలో, లోరంటీడ్స్‌లోనో సగ్నేలోనో, రెండు మూడు రోజులు చదునైన బాటల మీద నడపండి. థ్రాటిల్ (వేగం పెంచే మీట) కుడి బొటనవేలితో నొక్కుతారు, అయిదు గంటలు నొక్కితే ఆ వేలు కొంకర్లు పోతుంది. అది అలవాటు కావాలి. గతుకుల్లో కూర్చోకుండా మోకాళ్లు వంచి నిలబడి నడపడం, మలుపులో ఒంటిని లోపలి వైపుకి వాల్చడం, ఏటవాలులో పై వైపు కాలు మీద బరువు వేయడం, ఇవన్నీ వీడియోలు చూస్తే వచ్చేవి కావు. ఇంకొకటి, కూరుకుపోయిన బండిని పైకి తీయడం కావాలని ఒకసారి చేసి చూడండి. ముందు భాగం పట్టుకుని గుంజితే నడుము పోతుంది. ట్రాక్ (బండి కింద తిరిగే రబ్బరు పట్టీ) ముందున్న మంచు పారతో తీసి, కాళ్లతో తొక్కి గట్టిపరిచి, ఒకరు ముందుండే స్కీల కొనలు పట్టుకుని పక్కకి ఊపుతుంటే ఇంకొకరు మెల్లగా థ్రాటిల్ ఇవ్వాలి. ఒక్కసారిగా ఇస్తే ట్రాక్ ఇంకా కిందికి తవ్వుకుంటుంది.

ఒంటరిగా వెళ్లకండి. రెండు బండ్లు కనీసం, మూడైతే మంచిది. మొదటిసారి అయితే ఆ ఊళ్ల మనిషిని గైడుగా పెట్టుకోండి. డబ్బు ఎక్కువే అవుతుంది, కానీ నేను నేర్చుకున్నదంతా అలాంటి ఇద్దరు మనుషుల వెనకాల నడిపి నేర్చుకున్నదే.

బండి ఎంచుకోవడం, సిద్ధం చేయడం

ఈ తీరంలో ఏ కంపెనీ బండినైనా స్కిడూ అనే అంటారు. ఆ పేరు క్యూబెక్‌లోనే వాల్‌కూర్ అనే ఊళ్లో పుట్టింది, జోసెఫ్-అర్మాండ్ బంబార్డియే అక్కడ 1959లో తొలి స్కి-డూ బండ్లు అమ్మకానికి తెచ్చాడు. మీకు కావాల్సింది వెడల్పాటి ట్రాక్ ఉన్న యుటిలిటీ రకం, లేదా పొడుగు ట్రాక్ టూరింగ్ రకం. రేసుల కోసం చేసిన తేలికైన బండ్లు వద్దు. ఫోర్-స్ట్రోక్ ఇంజన్ అయితే పెట్రోలు ఆదా, టూ-స్ట్రోక్ అయితే బరువు తక్కువ, కూరుకుపోతే తీయడం తేలిక. నా ఓటు ఫోర్-స్ట్రోక్‌కే, ఎందుకంటే ఇక్కడ ఊరికీ ఊరికీ దూరం ఎక్కువ. సామాను లాగుతూ పోతే నాకు 100 కిలోమీటర్లకి దగ్గర దగ్గర 20 లీటర్లు తాగింది. ట్యాంకు నిండా పోయించుకున్నా ఇంకో 20 లీటర్ల డబ్బా వెంట ఉండాల్సిందే. చిన్న ఊళ్లలో బంకులు ఆదివారాలు మూసేయడం, భోజనానికి తాళం వేసి వెళ్లడం మామూలే.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని వస్తువు గురించి. స్నోమొబైల్‌కి కారుకి ఉన్నట్టు ముందు పెద్ద రేడియేటర్ ఉండదు. చాలా బండ్లలో సీటు కింద సొరంగంలాంటి భాగం పైకప్పుకి గొట్టాలు ఉంటాయి, ట్రాక్ తిరుగుతూ ఎగజిమ్మే మంచు వాటికి తగిలి ఇంజన్ వేడిని లాగేస్తుంది. కింద మంచే లేకపోతే? సముద్రపు పాయల మీద గాలి మంచునంతా ఊడ్చేసి, ఉత్త ఐస్ అద్దంలా మెరుస్తూ ఉంటుంది. దాని మీద పది నిమిషాలు పోతే వేడి ఎక్కుతుంది, ట్రాక్ లోపల ఉండే ప్లాస్టిక్ పట్టాలు కూడా తడి లేక కరుగుతాయి. దీనికి స్క్రాచర్లు అని ఉంటాయి, స్కీకో పట్టాకో వేలాడే చిన్న స్ప్రింగు కడ్డీలు. అవి ఐస్‌ని గీరుతూ పొడిని లేపుతాయి, ఆ పొడే ఇంజన్‌ని చల్లబరుస్తుంది. కడ్డీ రకం అయితే రివర్స్ చేసే ముందు పైకి ఎత్తి తగిలించాలి, లేకపోతే విరుగుతాయి.

నా రెండో యాత్రలో అద్దెకి తీసుకున్న బండికి స్క్రాచర్లు లేవు. ఉన్నాయా అని నేను అడిగాను, ఉన్నాయన్నారు, కిందికి వంగి చూడలేదు. ఒక పెద్ద పాయ మధ్యలో ఎర్ర లైటు వెలిగింది. దిగి చూస్తే కాళ్ల కింద ఒక్క చెంచాడు మంచు లేదు, వేడెక్కిన రబ్బరు వాసన ముక్కుకి కొడుతోంది. పాయ అంచున గాలికి పేరుకున్న మంచు దిబ్బ కనిపిస్తే ఇంజన్ ఆపి చల్లారబెట్టి, మెల్లగా అక్కడిదాకా నడిపి, చేతులతో దోసిళ్ల కొద్దీ మంచు సీటు కింద కూరాం. ఆ రోజు మిగతా దారంతా అలా దిబ్బ నుంచి దిబ్బకి వెళ్లాం. బండి తీసుకునేటప్పుడు మోకాళ్ల మీద కూర్చుని చూడండి, చేత్తో తాకి చూడండి.

వెంట ఉండాల్సిన విడిభాగాలు: డ్రైవ్ బెల్ట్ ఒకటి అదనంగా (దాన్ని ఇంట్లోనే, గ్లవ్స్ వేసుకుని, ఒకసారి మార్చి చూడండి), స్పార్క్ ప్లగ్‌లు, టూ-స్ట్రోక్ అయితే ఆయిల్, లాగే తాడు, పార, చేతి రంపం, గొడ్డలి, తీగ, గట్టి టేపు. పెట్రోలు పోసేటప్పుడు వేళ్ల మీద పడకుండా చూసుకోండి. అది ఆ చలిలో గడ్డకట్టదు, గాలి ఎంత చల్లగా ఉంటే అదీ అంత చల్లగా ఉంటుంది, పైగా ఆవిరవుతూ ఇంకా లాగుతుంది. మైనస్ 25లో బొట్టు పడ్డ చోట చర్మం తెల్లబడిపోతుంది.

కొమెటీక్ కట్టడం

సామాను వెనకాల లాగే చెక్క బండిని కొమెటీక్ అంటారు, ఉత్తరాన ఉండే ఇన్యూట్ ఆదివాసుల మాట నుంచి వచ్చింది. కుక్కలు లాగిన కాలం నుంచి దాని రూపం పెద్దగా మారలేదు. రెండు పొడవాటి పట్టాలు, వాటి మీద అడ్డ పలకలు. ఆ పలకలకి మేకులు కొట్టరు, తాడుతో బిగించి కడతారు. మేకు కొడితే గతుకుల్లో చెక్క చీలుతుంది, తాడు కట్టు అయితే బండి మొత్తం ఒళ్లు విరుచుకున్నట్టు అటూ ఇటూ మెలితిరుగుతుంది, విరగదు. నేను మొదటిసారి చూసినప్పుడు మా ఊరి ఎడ్లబండి కట్లు గుర్తొచ్చాయి.

బరువైనవి కింద, మధ్యకి కాస్త వెనకగా. పెట్రోలు డబ్బా తిండికి దూరంగా, అన్నిటికన్నా వెనక. పార, తాడు, పొడి బట్టల సంచి మాత్రం అన్నిటికన్నా పైన, ఒక్క ముడి విప్పితే చేతికొచ్చేలా. ప్రాణం నిలబెట్టే వస్తువులు, అంటే అగ్గిపెట్టె, శాటిలైట్ పరికరం, ఒక జత పొడి చేతి తొడుగులు, ఇవి కొమెటీక్‌లో పెట్టకండి. ఒంటి మీద ఉండాలి. కొమెటీక్ మునిగితే, లేదా తాడు తెగి వెనక ఉండిపోతే, మీ దగ్గర మిగిలేది జేబులో ఉన్నదే.

ఒంటి మీద ఏం ఉండాలి

మైనస్ 20 ఉన్న రోజు గాలి లేకపోయినా, మీరు గంటకి 40 వేగంతో పోతే మొహానికి తగిలే చలి మైనస్ 34తో సమానం. ఆ స్థాయిలో కప్పని చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకడుతుంది. అందుకని అంగుళం చర్మం కూడా బయటికి కనిపించకూడదు. లోపల ఉన్ని లేదా సింథటిక్ పొర, మధ్యలో ఫ్లీస్, పైన గాలి చొరబడని సూట్. కాటన్ బనియన్ కూడా వద్దు, చెమటకి తడిసి ఆరదు. తేలే గుణం ఉన్న స్నోమొబైల్ సూట్లు దొరుకుతాయి, సముద్రపు ఐస్ మీద వెళ్లేవాళ్లు వాటికి అయ్యే అదనపు ఖర్చుకి వెనకాడకండి. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి, రెండు జతల మేజోళ్లు బిగుతుగా వేస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా తొందరగా మొద్దుబారతాయి.

చలి కన్నా చెమట ప్రమాదం. కూరుకుపోయిన బండిని తీసేటప్పుడు పై కోటు విప్పేయండి. ఒళ్లు తడిసిపోయాక మళ్లీ బండెక్కితే అరగంటలో వణుకు మొదలవుతుంది.

కళ్లజోడు ఉన్నవాళ్లకి వేరే సమస్య. మా బావ హైదరాబాద్ నుంచి వచ్చి మాతో ఒక యాత్ర చేశాడు. మొదటి గంటలోనే ఊపిరి ఆవిరి అద్దాల మీద గడ్డకట్టి, ఏమీ కనిపించక, నా వెనక లైటు ఎర్రచుక్కని చూసుకుంటూ నడిపాడట. ఆపి "బావా, చెప్పాలి కదా" అంటే, "మీరు ఆగుతారని చూశాను" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి పావుగంటకీ ఆగి మొహాలు చూసుకోవడం నియమం పెట్టుకున్నాం. వేడెక్కే అద్దం ఉన్న హెల్మెట్ వేసుకుని, ఊపిరి కిందికి పోయేలా లోపల ముక్కు ముసుగు పెట్టుకుంటే ఆ బాధ దాదాపు పోతుంది. అలాంటి హెల్మెట్ వైరు బండికి తగిలించాలి, ఆ ప్లగ్ బండికి ఉందో లేదో ముందే చూడండి.

తిండి, నీళ్లు

ఊళ్లలో ఇళ్లలోనే బస, భోజనం దొరుకుతాయి, కానీ ఎక్కువగా చేపలు, మాంసం. శాకాహారులు ముందే చెప్పండి, అయినా రెండు రోజులకి సరిపడా వెంట పెట్టుకోండి. నడి చలికాలంలో ఓడ రాదు, కూరగాయలు విమానంలోనే రావాలి, దుకాణంలో ఏది ఉంటే అదే. దారిలో తినడానికి మనవైపు తిండి బాగా పనికొస్తుంది. పల్లీ చిక్కీ, నువ్వుండలు, సున్నుండలు గడ్డకట్టి రాయి కావు, నోట్లో కరిగిపోతాయి, నెయ్యీ బెల్లమూ ఒంటికి వేడినిస్తాయి. పులిహోర తీసుకెళ్తే మధ్యాహ్నానికి ఇటుకలా అవుతుంది. దాన్ని డబ్బాలో పెట్టి, గుడ్డ చుట్టి, కోటు లోపల పొట్టకి ఆనించి పెట్టుకుంటే తినొచ్చు. వేడినీళ్లు పోస్తే తయారయ్యే ఉప్మా పొడి, రెండు మంచి ఫ్లాస్కులు ఉంటే ఇక దిగులు లేదు. నీళ్ల సీసాని తలకిందులుగా పెట్టండి, గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత బిగుసుకుపోదు. దాహం లేకపోయినా గంటకోసారి తాగాలి.

దారి, ఊరి వెంట ఊరు

మాంట్రియల్ నుంచి కెగాస్కా సుమారు 1,300 కిలోమీటర్లు. ట్రెయిలర్ మీద బండ్లు వేసుకుని కారులో రెండు రోజులు పడుతుంది. టాడుసాక్ దగ్గర సగ్నే నదిని ఫెర్రీ మీద దాటాలి, పది నిమిషాలు, టికెట్ లేదు. 138 రోడ్డు 2013లో మాత్రమే కెగాస్కా దాకా వచ్చింది, అంతకుముందు నతాష్‌క్వాన్ దగ్గరే ఆగేది. ట్రెయిలర్ లాగడం ఇష్టం లేకపోతే విమానంలో షెవెరీకో లూర్ద్-ద-బ్లాంక్-సాబ్లోన్‌కో దిగి, అక్కడి బండి, అక్కడి మనిషితో మొదలుపెట్టొచ్చు.

కెగాస్కా నుంచి లా రొమేన్ తేలికైన రోజు. పక్కనే ఉనామెన్ షిపు, ఇక్కడి ఆదివాసులైన ఇన్ను ప్రజల ఊరు. అక్కడి నుంచి షెవెరీ దాకా గాలిదారినే 80 కిలోమీటర్లు ఉంటుంది, దారి మెలికలు తిరుగుతూ ఇంకా ఎక్కువ, మధ్యలో ఊరు లేదు. అన్నిటికన్నా కష్టమైన రోజు ఇదే. దారిపక్క పొయ్యి ఉన్న చిన్న గుడిసెలు ఉంటాయి, గాలి లేస్తే వాటిలో దూరాలి. వాడుకున్న కట్టెలకి బదులు మళ్లీ నరికి పేర్చి రావాలి. పొయ్యి వెలిగించినప్పుడు కిటికీ కాస్త తెరిచి ఉంచండి, మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

షెవెరీ నుంచి ఐస్ బాగుంటే హారింగ్టన్ హార్బర్ చూసి రండి. ఒడ్డుకి దూరంగా ఉన్న రాతి దీవి, వీధులకి బదులు చెక్క నడవలు. ఐస్ బాగుందో లేదో షెవెరీ వాళ్లే చెప్పాలి. ఆ తర్వాత తెత్-అ-లా-బలేన్, మటన్ బే, లా తబాతియేర్, ఊళ్లు కాస్త దగ్గర దగ్గరగా వస్తాయి. ఆపైన సెంట్-అగస్టీన్ దాకా పాయలు, దీవులు, రాతి గుట్టలు, నాకు ఈ తీరం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. సెంట్-అగస్టీన్ నదికి అవతల పాకువా షిపి అనే ఇంకో ఇన్ను ఊరు. చలికాలంలో నది మీదే బండ్లు తిరుగుతాయి, గడ్డకట్టే రోజుల్లో, కరిగే రోజుల్లో మాత్రం హోవర్‌క్రాఫ్ట్ ఎక్కి దాటుతారు. చివరి పెద్ద ముక్క ఓల్డ్ ఫోర్ట్ దాకా, అక్కడ మళ్లీ రోడ్డు మొదలై బ్లాంక్-సాబ్లోన్ చేరుతుంది.

1534లో ఫ్రెంచ్ నావికుడు జాక్ కార్టియే ఇటు వచ్చి, ఈ రాతి తీరాన్ని చూసి, బైబిల్లో తమ్ముణ్ణి చంపి శాపం పొందిన కయీనుకి దేవుడు ఇచ్చిన నేల ఇదేనని రాసుకున్నాడు. ఆయన వచ్చింది ఎండాకాలం, పడవలో. ఫిబ్రవరి సాయంత్రం గులాబీ రంగు మంచు మీద గుట్టల నీడలు పొడుగ్గా పడినప్పుడు చూసి ఉంటే ఆ మాట రాసేవాడు కాదని నా నమ్మకం.

ఐస్‌ని చదవడం

దారికి ఇరువైపులా గుర్తు కర్రలు పాతి ఉంటాయి. అవి దాటి పోకపోతే ఈ భాగంలో సగం మీకు అక్కర్లేదు. అయినా తెలిసి ఉండాలి.

చెరువు ఐస్, సముద్రపు ఐస్ రంగు విషయంలో తలకిందులుగా ఉంటాయి. చెరువు మీద నల్లగా, గాజులా కనిపించేది గట్టిది, తెల్లటిది గాలి బుడగలతో నిండి దానిలో సగం బలమే ఉంటుంది. సముద్రం మీద నల్లటిది, ముదురు బూడిద రంగుది అంటే ఇప్పుడిప్పుడే పట్టిన పలచనిది, తెల్లబడిందే మందమైనది. చెరువుల మీద అలవాటు పడ్డవాళ్లు సముద్రం మీద నల్లటి ఐస్ చూసి ధైర్యంగా ఎక్కేస్తారు. స్నోమొబైల్‌కి మంచినీటి గట్టి ఐస్ 25 సెంటీమీటర్లు ఉండాలని కెనడా రెడ్ క్రాస్ చెబుతుంది. ఉప్పునీటి ఐస్‌లో ఉప్పునీరు చిన్న చిన్న గదుల్లో చిక్కుకుని ఉంటుంది కాబట్టి అంతే బలానికి ఇంకా మందం కావాలి. చెరువు ఐస్ విరిగేముందు చాలాసార్లు అరుస్తుంది. కొత్త సముద్రపు ఐస్ రబ్బరులా వంగుతుంది, చప్పుడు చేయదు.

రెండు దీవుల మధ్య సన్నటి పాయని ఇంగ్లీషు ఊళ్లలో టికిల్ అంటారు, ఫ్రెంచ్ వాళ్లు రిగోలే అంటారు. అలాంటి చోట్ల నీటి వడి ఎక్కువ, ఐస్ కింది నుంచి అరిగిపోతుంది. ఎంత చలి రోజైనా టికిల్‌ని నమ్మకూడదు. నదుల మూతుల దగ్గర, రాళ్లు బయటికి పొడుచుకొచ్చిన చోట, ఆటుపోట్లకి ఒడ్డు వెంట పగిలిన గీత దగ్గర కూడా అంతే. ఇంకొకటి, మందంగా మంచు కప్పిన చోట ఐస్ గట్టిగా ఉంటుందనుకుంటాం. మంచు దుప్పటిలాంటిది, చలిని కిందికి దిగనివ్వదు, దాని కింద ఐస్ పలచగా ఉండొచ్చు. ఆ బరువుకి నీళ్లు పైకి ఊరి మంచు కింద గుజ్జులా నిలుస్తాయి కూడా. గుజ్జులో పడితే ఆగకండి, థ్రాటిల్ నిలకడగా పట్టి గట్టి చోటికి వెళ్లాకే ఆగండి.

మా గైడు ఇనుప మొన ఉన్న కర్ర ఒకటి ఎప్పుడూ కొమెటీక్ పక్కన కట్టుకునేవాడు. అనుమానం వచ్చిన చోట దిగి, ఒక అడుగు వేసే ముందు గట్టిగా ఒక పోటు. మొన దిగబడకుండా చేతికి దెబ్బ తిరిగొస్తే ఇంకో అడుగు. ఒకచోట రెండో పోటుకే మొన దూసుకుపోయి, ఆ రంధ్రంలోంచి నీళ్లు బుడబుడమంటూ పైకొచ్చాయి. ఆయన కర్ర తుడుచుకుని బండి వెనక్కి తిప్పాడు, మేం కొండ చుట్టూ రెండు గంటలు ఎక్కువ తిరిగి వెళ్లాం.

కనుచూపు పోయినప్పుడు

నేల మీది మంచుని గాలి లేపి ఎగరేస్తుంటే క్యూబెక్ ఫ్రెంచ్‌లో పూద్రరీ అంటారు. పైన నీలాకాశం కనిపిస్తూనే ఉంటుంది, ముందున్న బండి కనిపించదు. ఒక గుర్తు కర్ర దగ్గర నిలబడి తర్వాతి కర్ర కనిపించకపోతే కదలకండి. బండ్లన్నీ దగ్గరగా చేర్చి, గాలికి వీపు పెట్టి కూర్చోండి. ఎవరూ నడిచి వెళ్లకూడదు. ఇంజన్ నడుస్తుంటే సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు పేరుకోకుండా తీసేస్తుండండి. సెల్ సిగ్నల్ ఊళ్ల దగ్గరే ఉంటుంది, కాబట్టి శాటిలైట్ ద్వారా సందేశం పంపే పరికరం తప్పనిసరి. బయల్దేరే ఊళ్లో, చేరే ఊళ్లో ఒక్కో మనిషికి మీరు ఎన్నింటికి రావాలో చెప్పి ఉంచండి. ఎక్కడైనా ఆగిపోతే వాళ్లకి కబురు పంపండి, లేకపోతే మీకోసం ఎవరో గాలిలో వెతకడానికి బయల్దేరతారు.

ఐస్ విరిగితే, చలి దెబ్బ తగిలితే

మనిటోబా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే లెక్క గుర్తుపెట్టుకోండి: ఒకటి, పది, ఒకటి. చన్నీళ్లలో పడగానే ఊపిరి ఎగదన్నుకొస్తుంది, దాన్ని అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం. చేతులు పనిచేసేది ఇంకో పది నిమిషాలు. స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. అంటే భయపడి గింజుకోవాల్సిన పని లేదు, టైము ఉంది. వచ్చిన వైపుకే తిరగండి, మిమ్మల్ని అప్పటిదాకా మోసిన ఐస్ అదే. మెడలో వేలాడే ఐస్ పిక్‌లని (ఇనుప మొన ఉన్న చేతి పిడులు) గుచ్చి, కాళ్లు ఈత కొట్టినట్టు వెనక్కి తన్నుతూ, పొట్ట మీద పైకి జారండి. లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం రండి. మిగతావాళ్లు దగ్గరికి పరిగెత్తకూడదు, తాడు విసరాలి.

చెంప మీద, ముక్కు కొన మీద మైనం ముద్దలా తెల్లటి మచ్చ కనిపిస్తే వెచ్చటి అరచేయి ఆనించి పట్టుకోండి. మంచుతో రుద్దమని ఎవరైనా చెబితే వినకండి, చర్మం చిట్లిపోతుంది. వేళ్లు లోతుగా గడ్డకడితే, మళ్లీ చలిలోకి వెళ్లాల్సి ఉంటే కరిగించవద్దు. ఊరు చేరాక గోరువెచ్చని నీళ్లలో, నర్సు దగ్గర. తోటివాడి మాట ముద్దగా వస్తున్నా, జిప్ పెట్టుకోలేకపోతున్నా, నడకలో తూలుతున్నా ఒంటి వేడి పడిపోతోందని అర్థం. "బానే ఉన్నా" అన్నా నమ్మకండి. ఆ క్షణమే ఆపి, పొడి బట్టలు మార్చి, తీపి కలిపిన వేడి నీళ్లు తాగించండి.

ఊళ్లోకి వచ్చాక

ఇళ్ల మధ్య నెమ్మదిగా, పిల్లలు మంచు దిబ్బల మీద ఆడుకుంటూ ఉంటారు. కెగాస్కా, హారింగ్టన్, సెంట్-అగస్టీన్ ఇంగ్లీషు ఊళ్లు, తెత్-అ-లా-బలేన్, లూర్ద్ ఫ్రెంచ్ ఊళ్లు, ఉనామెన్ షిపు, పాకువా షిపిల్లో ఇన్ను భాష. ఇన్ను ఊళ్లో "క్వే" అని పలకరించి, వెళ్లేటప్పుడు "చినాష్కుమితిన్" అని కృతజ్ఞత చెప్తే మొహాలు విప్పారతాయి. ఫోటో అడిగి తీయండి. బూట్లు గుమ్మం దగ్గర విప్పడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. షికూతే అనే పండు జామ్ పెడితే వద్దనకండి, చిత్తడి నేలల్లో ఒక్కో మొక్కకి ఒక్కటే కాస్తుంది, ఆ సీసా నింపడానికి వాళ్లు దోమల మధ్య ఎన్ని గంటలు వంగి ఏరారో రుచి చూస్తే తెలుస్తుంది.

బ్లాంక్-సాబ్లోన్ చేరాక బండి అక్కడే వదిలి విమానంలో వెనక్కి రావాలంటే అద్దె మాట్లాడేటప్పుడే తేల్చుకోండి. లేకపోతే వచ్చిన దారినే తిరిగి రావాలి. నేను మూడుసార్లూ అలాగే వచ్చాను. తిరుగు ప్రయాణంలో తెత్-అ-లా-బలేన్ దగ్గరికి వచ్చేసరికి ఆ వంటింటి కిటికీలో లైటు వెలిగి ఉంటుంది.